పైపు పొగాకు: డబ్బాలో కొనాలా, లూజుగా కొనాలా, ఇంటికొచ్చాక ఎలా దాచాలి

పైపు పొగాకు డబ్బాలో కొనడం మంచిదా, లూజుగా కొనడం మంచిదా అని అడిగిన ప్రతివాళ్లనీ నేను ముందు ఒకటే అడుగుతాను: కొన్నది ఎప్పటికి కాల్చేస్తారు? ఈ నెలలోనే అయిపోతుందంటే రెండింటికీ పెద్ద తేడా లేదు, ధర చూసుకుని కొనేయండి. ఏడాది, ఐదేళ్లు, పదేళ్లు ఉంచుతానంటే మాత్రం లెక్క మారిపోతుంది, ఎందుకంటే అప్పుడు ఆకు ఎంత ముఖ్యమో దాని మీద మూత కూడా అంతే ముఖ్యం. డబ్బాకి ఆ మూత ఫ్యాక్టరీలోనే పడుతుంది, లూజు పొగాకుకి మనమే వేసుకోవాలి. చాలామంది ఈ రెండో పని దగ్గరే తప్పు చేస్తారు. నేనూ చేశాను, అదీ కింద చెప్తాను.

ఒక మాట ముందే చెప్పాలి. పొగాకు ఏ రూపంలో ఉన్నా ఆరోగ్యానికి హానికరమే, ఒకసారి అలవాటైతే వదలదు, పైపు అయినా అంతే. ఇప్పటికే పైపు కాలుస్తున్న పెద్దవాళ్లు కొన్నది పాడుచేసుకోకుండా ఉండటానికి రాస్తున్నాను తప్ప, కొత్తవాళ్లని మొదలుపెట్టమని మాత్రం కాదు.

మొదటి అడుగు: మీ వాడకం ఎంతో లెక్క వేసుకోండి

మామూలు సైజు పైపు ఒకసారి నింపడానికి 2 నుంచి 3 గ్రాములు పడుతుంది. ఆ లెక్కన 50 గ్రాముల డబ్బా 17 నుంచి 25 సార్లకి వస్తుంది. వారానికి ఐదుసార్లు కాల్చేవాళ్లకి ఏడాదికి దాదాపు 650 గ్రాములు కావాలి, రెండుసార్లే కాల్చేవాళ్లకి 260 గ్రాములు చాలు. అంటే వారానికి రెండుసార్లు కాల్చే మనిషి చవగ్గా వస్తోందని ఒక పౌను, అంటే 454 గ్రాముల లూజు పొగాకు కొంటే అది ఏడాదిన్నర దాటినా అయిపోదు, అదీ వేరే ఏ రకమూ ముట్టుకోకపోతేనే. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా పౌన్లు పౌన్లు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు నిమిషాల పని, వేసుకోండి.

రెండో అడుగు: డబ్బా కొనేటప్పుడు ఏం చూడాలి

డబ్బాలు ఎక్కువగా 50, 100 గ్రాముల్లో వస్తాయి. అమెరికా కంపెనీలవి 2 ఔన్సులు, అంటే 57 గ్రాములు, పెద్దవైతే 8 ఔన్సులు, అంటే 227 గ్రాములు ఉంటాయి. ఆకారంలో రెండు రకాలు: గుండ్రటివి, పలచగా పలకలా ఉండే దీర్ఘచతురస్రపు డబ్బాలు. చూడ్డానికి పలక డబ్బాలే అందంగా ఉంటాయి, జేబులో కూడా చక్కగా ఇముడుతాయి, కానీ ఏళ్ల తరబడి దాచడానికి నేను గుండ్రటి వాటినే నమ్ముతాను. లోపలి గాలి లాగేసి మూత వేస్తారు కాబట్టి బయటి గాలి ఒత్తిడే ఆ మూతని పట్టి ఉంచుతుంది. గుండ్రటి అంచు మీద ఆ ఒత్తిడి అన్నివైపులా సమంగా పడుతుంది. పలక డబ్బాకి పొడవాటి అంచులుంటాయి, పైన బరువు పడినా, వేలితో గట్టిగా నొక్కినా ఆ అంచు కాస్త వంగుతుంది, సన్నటి సందు పడుతుంది, అంతే, లోపలికి గాలి వెళ్లిపోయింది. బయటికి ఏమీ తెలియదు. నా దగ్గర ఒక పలక డబ్బా మూడేళ్లు దొంతర అడుగున ఉండిపోయింది, తీసి చూస్తే మూత ఏ చప్పుడూ లేకుండా చేతిలోకి వచ్చేసింది, లోపల ఫ్లేకులు, అంటే అదిమి పలచటి ముక్కలుగా కోసిన పొగాకు, వేలు తగిలితే పొడి అయిపోయాయి. మంచి వర్జీనియా అది, చక్కెర ఎక్కువ ఉండే ఆకు రకం. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కొనేటప్పుడు డబ్బా చేతిలోకి తీసుకుని మూత మధ్యభాగం చూడండి. సీల్ బాగుంటే అది కాస్త లోపలికి లాగినట్టు ఉంటుంది. అంచు చుట్టూ వేలితో తడమండి, సొట్ట ఉంటే, ముఖ్యంగా మూతా డబ్బా కలిసే చోట ఉంటే, పక్కన పెట్టేయండి. తుప్పు మచ్చలు చూడండి. తయారీ తేదీ ఉందేమో అడుగున చూడండి. కార్నెల్ అండ్ డీల్ లాంటి కంపెనీలు తేదీ వేస్తాయి, అది ఉంటే వయసు ఖచ్చితంగా తెలుస్తుంది, లేకపోతే కొన్న తేదీనే మీరు రాసుకోవాలి. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపి చూడటం కూడా నాకు అలవాటు: తేమగా ఉన్న ఆకు మెత్తగా కదులుతుంది, ఎండిపోయింది గలగలమంటుంది. ఇది రుజువు అనను, కానీ అనుమానం రావడానికి చాలు.

మూత పైకి ఉబ్బిన డబ్బా కనిపిస్తే చాలామంది కంగారు పడతారు. వర్జీనియా ఎక్కువగా ఉన్న పొగాకులో నెమ్మదిగా పులియడం జరుగుతూ ఉంటుంది, ఆ గ్యాస్ వల్ల మూత ఉబ్బవచ్చు. ఉబ్బిందంటే పాడైందనే కాదు. అలాంటిది మీ దగ్గర ఉంటే ఇక దాచకుండా తెరిచి, వాసన, రంగు చూసి, బాగుంటే గాజు సీసాలోకి మార్చేయండి.

తెరవడం కూడా చెప్పాలి. గుండ్రటి డబ్బాకి మూత అంచు కింద నాణెం దూర్చి మెల్లగా తిప్పితే చాలు, సుయ్ మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తుంది, దాని వెంటే మొదటి వాసన. కత్తి, స్క్రూడ్రైవర్ వాడితే అంచు చెడుతుంది, ఒక్కోసారి చెయ్యి తెగుతుంది. ఆ చప్పుడు వచ్చిన క్షణం నుంచి అది ఇక సీల్ ఉన్న డబ్బా కాదని గుర్తుంచుకోండి. మూత మళ్లీ నొక్కి పెట్టినా మునుపటిలా పట్టదు. రెండు మూడు వారాల్లో అయిపోదనుకుంటే ఆ రోజే చిన్న సీసాలోకి మార్చండి.

మూడో అడుగు: లూజు కొనేటప్పుడు

లూజు పొగాకు కంపెనీ నుంచి అంగడికి పెద్ద సంచుల్లో, ఎక్కువగా 5 పౌన్ల లెక్కన వస్తుంది. అక్కడ దాన్ని పెద్ద జాడీల్లో పోసి ఔన్సుల లెక్కన తూచి ఇస్తారు. లేన్ వాళ్ల వన్-క్యూ, పీటర్ స్టోక్‌బై లగ్జరీ నేవీ ఫ్లేక్ లాంటివి ఏళ్లుగా ఇలాగే ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. ఇంగ్లండులోని కెండల్ నుంచి వచ్చే గావిత్ హొగార్త్ పొగాకు కూడా చాలావరకు లూజుగానే దొరుకుతుంది. కార్నెల్ అండ్ డీల్ అయితే ఒకే మిశ్రమాన్ని డబ్బాలోనూ లూజుగానూ అమ్ముతుంది.

లూజులో లాభాలు రెండు. గ్రాము ధర తక్కువ పడుతుంది, డబ్బా ఖర్చు లేదు కదా. రెండోది, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఒక్క ఔన్సు కొని రుచి చూడొచ్చు, నచ్చకపోతే పోయేది 28 గ్రాములే. నష్టం ఏమిటంటే అది ఎప్పుడు తయారైందో, సంచి ఎప్పుడు విప్పారో, రోజుకి ఎన్నిసార్లు ఆ జాడీ మూత తీస్తున్నారో మనకి తెలియదు. బేరం బాగా సాగే చోట సరుకు తాజాగా ఉంటుంది. మూలన పడి ఉన్న జాడీలో అడుగున మిగిలిన పొగాకు కొనకండి, ఎంత తగ్గించి ఇచ్చినా సరే. సంచి ఎప్పుడు విప్పారని అడగండి, పెద్ద మొత్తంలో కొంటుంటే కొత్త సంచి విప్పి ఇవ్వగలరా అని కూడా అడగండి. అంగడి సొంత పేరుతో ఉన్న మిశ్రమం నచ్చితే, అది ఏ కంపెనీ పొగాకో కూడా కనుక్కోండి. చాలాసార్లు అది తెలిసిన లూజు పొగాకే, పేరు మాత్రం కొత్తది.

నా పద్ధతి ఇది: కొత్త రకం ముందు ఒక డబ్బా, లేదా ఒక ఔన్సు లూజు. అది పూర్తిగా కాల్చాక, వేరేవి కాలుస్తున్నప్పుడు కూడా మనసు దాని మీదికే పోతుంటే, అప్పుడు పౌను. మొదటి పైపుకే ప్రేమలో పడి రెండు పౌన్లు కొన్నవాళ్ల అలమరలో అవి అలాగే ఉండిపోవడం నేను చూశాను.

నాలుగో అడుగు: వచ్చిన రోజే సీసాలోకి

లూజు పొగాకు జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో ఇస్తారు. ఆ సంచి ఇంటిదాకా తెచ్చుకోవడానికే. పలచటి ప్లాస్టిక్ గుండా తేమ, వాసన రెండూ మెల్లగా వెళ్లిపోతాయి, కంటికి కనిపించదు కాబట్టి నమ్మబుద్ధి కాదు. నేను 200 గ్రాముల వర్జీనియా ఫ్లేక్‌ని అలా సంచిలోనే సొరుగులో పెట్టి ఎనిమిది నెలలు మర్చిపోయాను. పక్కనే ఇంకో సంచిలో పొగ వాసన గట్టిగా ఉండే లటాకియా రకం ఉంది. తీసేసరికి ఫ్లేక్ ఎండుటాకులా పెళపెళలాడింది, పైగా దాని సొంత వాసన పోయి పొగ వాసన పట్టేసింది. తేమ మళ్లీ ఎక్కించగలిగాను కానీ ఆ వాసన మాత్రం పోలేదు.

దాచడానికి గాజు సీసాని మించింది లేదు. గాజులోంచి గాలి పోదు, వాసన పట్టదు. జాన్ లాండిస్ మేసన్ 1858లో పేటెంట్ తీసుకున్న మర మూత సీసా రకమే, ఈనాటి మేసన్ జార్, దీనికి బాగా పనికొస్తుంది. పలచటి రేకు మూత కింద రబ్బరులాంటి పూత ఉంటుంది, పైన రింగు బిగిస్తాం, సీల్ అక్కడే పడుతుంది. కొక్కెం, రబ్బరు వాషర్ ఉన్న సీసాలూ మంచివే, కాకపోతే ఆ వాషర్ వాసన పట్టేసుకుంటుంది, ఏళ్లు గడిస్తే గట్టిపడుతుంది, మార్చుకుంటూ ఉండాలి.

సైజు విషయంలో రిబ్బన్‌లా కోసిన పొగాకుకి నా అందాజు ఇది: 237 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 57 గ్రాములు, 473 మిల్లీలీటర్ల దాంట్లో సుమారు 113 గ్రాములు పడతాయి. ఫ్లేకులు నిలువుగా పేరిస్తే ఇంకొంచెం ఎక్కువే పడతాయి. ఒక పౌను కొంటే ఒక పెద్ద సీసా బదులు నాలుగు చిన్న సీసాల్లో పెట్టమంటాను. ఒకటి తెరిచినా మిగతా మూడూ అలాగే ఉంటాయి.

సీసాలు సబ్బు, వేడినీళ్లతో కడిగి, బోర్లించి ఒక రోజంతా ఆరనివ్వండి. పొడిగా కనిపించినా మూత మర చుట్ల మధ్య ఒక చుక్క దాగి ఉంటుంది, బూజుకి ఆ చుక్క చాలు. కొత్త సీసా అయితే ఒక పరీక్ష చేయండి: కొంచెం నీళ్లు పోసి మూత బిగించి రాత్రంతా కాగితం మీద బోర్లించి ఉంచండి. పొద్దున కాగితం తడిస్తే ఆ మూత పనికిరాదు. పరీక్ష అయ్యాక మళ్లీ బాగా ఆరబెట్టడం మర్చిపోవద్దు.

నింపేముందు పొగాకుని శుభ్రమైన తెల్ల కాగితం మీద పరిచి చిటికెడు తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి వదలండి. ముద్దలాగే ఉండిపోతే తడి ఎక్కువ. పెళుసుగా విరిగితే ఎండిపోయింది. నొక్కింది మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. కెండల్ ఫ్లేకులు చాలా తడిగా వస్తాయి, వాటిని నేను గంటో రెండు గంటలో గాలికి ఉంచి పెడతాను. మిగతావి వచ్చినవి వచ్చినట్టే.

చేతులు కడుక్కుని, ఆరాక, పొగాకుని మెల్లగా అదుముతూ నింపండి. దిమ్మిస కొట్టినట్టు కుక్కొద్దు. పైన వేలు మందం ఖాళీ ఉండనివ్వండి. వాక్యూమ్ పంపుతో గాలి లాగేయాలనే సలహా తరచూ వినిపిస్తుంది, నేను వద్దంటాను, వయసుతో వచ్చే మార్పు మొదలవడానికి లోపల కొంచెం గాలి కావాలి. తర్వాత తప్పనిసరిగా చేయాల్సింది, సీసా మూతి అంచుని పొడిగుడ్డతో చుట్టూ తుడవడం. ఒక్క ఆకు పోగు అంచుకి అంటుకుని ఉన్నా మూత అక్కడ లేచి ఉంటుంది, మీరు ఎంత బిగించినా సరే. బిగించాక వారం రోజులకి సీసా దగ్గర ముక్కు పెట్టి చూడండి. బయటికి పొగాకు వాసన వస్తుంటే మూత మార్చాలి.

చీటీ సీసా ఒంటికి అంటించండి, మూతకి వద్దు, మూతలు కడిగేటప్పుడు మారిపోతాయి. పేరు, కంపెనీ, కొన్న తేదీ, సీసాలో పెట్టిన తేదీ, డబ్బాలోంచి మార్చిందైతే డబ్బా మీది తేదీ రాయండి. ‘నాకు గుర్తుంటుందిలే’ అనుకోవద్దు, నాలుగేళ్ల తర్వాత ఆరు సీసాల్లో ఆరు రకాల గోధుమరంగు ఆకు కనిపిస్తుంది, అంతే.

ఐదో అడుగు: ఏది దాచాలి, ఏది త్వరగా కాల్చేయాలి

వర్జీనియాలో చక్కెర ఎక్కువ, అందుకే వయసుతో అన్నిటికన్నా ఎక్కువ బాగుపడేది అదే. ఆరు నెలలకి తేడా మొదలవుతుంది, ఐదేళ్లకి ఘాటు తగ్గి, రంగు ముదిరి, తీపి లోపలి నుంచి వస్తుంది. లూయిసియానాలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో పీపాల్లో అదిమి పులియబెట్టే పెరీక్ కలిసిన వర్జీనియా అయితే ఇంకా బాగుంటుంది, నేను ఎక్కువగా దాచేది అదే. బర్లీ అనే ఆకు రకంలో చక్కెర చాలా తక్కువ, పాడవదు కానీ పెద్దగా మారదు. లటాకియా పేరు సిరియాలోని ఊరిదే అయినా ఇప్పుడు దొరికేది చాలావరకు సైప్రస్‌ది. దాని పొగ వాసన ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది. ఆ గుప్పుమనే వాసన కోసమే కొనేవాళ్లు ఐదారేళ్లకి మించి ఉంచొద్దు. వాసనలు కలిపిన ఆరోమాటిక్ రకాలు దాచినందువల్ల బాగుపడవు, పై వాసన పలచబడుతుంది. వాటిలో చాలావాటికి ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు, అందుకే త్వరగా ఎండవు, కానీ అది వేరే సంగతి. రెండేళ్ల లోపు కాల్చేసేంతే కొనండి.

వాసనల గురించి ఇంకో జాగ్రత్త. కెండల్ నుంచి వచ్చే పూల అత్తరు వాసన రకాలు ఒకసారి పెట్టిన సీసా మూతని ఇంకేదానికీ వాడొద్దు. గాజు కడిగితే శుభ్రపడుతుంది, మూత కింది పూత మాత్రం ఆ వాసన వదలదు.

దాచడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2018లో మెక్‌క్లెలాండ్ కంపెనీ మూతపడింది, అదే కాలంలో డన్‌హిల్ పేరుతో పైపు పొగాకు రావడం ఆగిపోయింది, తర్వాత ఆ మిశ్రమాల్లో కొన్ని పీటర్సన్ పేరుతో తిరిగొచ్చాయి. మెక్‌క్లెలాండ్ రెడ్ వర్జీనియాలు తిరిగి రాలేదు. మీరు నిజంగా ఇష్టపడే ఒకటి రెండు రకాలు ఉంటే రెండు మూడేళ్లకి సరిపడా ఉంచుకోవడంలో తప్పు లేదు. ఏదో ఆగిపోతుందని వార్త రాగానే టెన్షన్ పడి ఎన్నడూ కాల్చని రకం పది డబ్బాలు కొనడం మాత్రం వద్దు.

ఆరో అడుగు: ఎక్కడ పెట్టాలి

చీకటిగా, చల్లగా, ముఖ్యంగా వేడి పెద్దగా పెరగడం తగ్గడం లేని చోట. 18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ బాగుంటుంది, రెండు మూడు డిగ్రీలు అటూఇటూ అయినా పర్వాలేదు. ఎండ తగిలే అర, పొయ్యి దగ్గర, కారులో వద్దు. ఫ్రిజ్‌లో కూడా వద్దు, తీసినప్పుడల్లా చల్లటి సీసాకి చెమట పడుతుంది, ఆ నీరు ఆకు మీదికి చేరితే బూజే.

డబ్బాలకి తేమ అసలు శత్రువు, ఎందుకంటే అవి రేకు. నేల మీద, తడి గోడ పక్కన పెట్టొద్దు. మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, దొంతర పెట్టకుండా పేర్చండి. పలక డబ్బాల మీద బరువు అసలే వద్దు. ఏడాదికి రెండుసార్లు తీసి తుప్పు ఉందేమో చూడండి. లోపలి నుంచి తుప్పు పట్టి సూదిమొన అంత చిల్లు పడటం పాత డబ్బాల్లో జరుగుతుంది. మచ్చ కనిపిస్తే ఆ డబ్బా ఆరోజే తెరిచి సీసాలోకి మార్చండి.

పిల్లలకీ పెంపుడు జంతువులకీ అందని చోట, వీలైతే తాళం వేసి పెట్టండి. నికోటిన్ విషం, కొంచెం మింగినా ప్రమాదమే.

బూజా, స్ఫటికాలా?

ఏళ్ల తర్వాత వర్జీనియా ఫ్లేక్ మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే వెంటనే పారేయొద్దు. వెలుతురులో వంచి చూడండి. మెరుస్తూ, గరుకుగా, ఆకు ఉపరితలానికి అంటుకుని ఉంటే అవి స్ఫటికాలు, మంచి గుర్తే. నూగులా, సాలెగూడులా పైకి లేచి, ఆకుపచ్చగానో బూడిద రంగుగానో, ముక్కిపోయిన వాసనతో ఉంటే బూజు. బూజు పట్టిన చోట తీసేసి మిగతాది ఉంచుకుందాం అనుకోకండి. సీసా మొత్తం పారేయండి. గాజుని మరిగే నీళ్లతో కడగండి, మూత పారేయండి.

ఎండిపోయినదాన్ని తిరిగి తేవడం

ఎండిపోయినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. వెడల్పు గిన్నెలో పొగాకు పరిచి, గిన్నె మీద డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి గట్టిగా పిండిన శుభ్రమైన గుడ్డ కప్పండి. గుడ్డ ఆకుకి తగలకూడదు. గంటకోసారి కలిపి, చిటికెడు నొక్కి చూడండి. పండు ముక్కలు, బంగాళదుంప ముక్కలు వేయడం చాలామందికి అలవాటు, నేను వద్దంటాను, బూజు వాటితోనే వస్తుంది. తేమని ఒక స్థాయిలో పట్టి ఉంచే 62, 65 శాతం బొవేడా పొట్లాలు రోజూ తెరిచే సీసాకి బాగానే పనికొస్తాయి, దాచి ఉంచే సీసాల్లో వాటి అవసరం లేదు.

చిటికెడు నొక్కితే మెల్లగా విచ్చుకోవడం మొదలయ్యాక, ఇంకొంచెం పొడిగా ఉందనిపిస్తున్నప్పుడే గుడ్డ తీసేయండి. సీసాలో పెట్టి మూత బిగించి రెండు రోజులు వదిలేయండి, పై ఆకు పీల్చుకున్న తేమ అడుగుదాకా సమంగా చేరడానికి అంత సమయం పడుతుంది. మూడో రోజు సీసా అడుగు నుంచి చిటికెడు తీసి మళ్లీ నొక్కి చూడండి, సరిపోతే చీటీ మీద ఆ తేదీ కూడా రాసి అరలో పెట్టేయండి.